పెద్దాయన ఇంట్లో మిగిలిన దరఖాస్తు

మా పక్కింటి సర్దార్ కాక పోయాడు. ఆదివారం పొద్దున నేను ఇడ్లీ పాత్రలో పిండి పోస్తుంటే గోడ అవతలి నుంచి ఆయన భార్య, మా చిన్నమ్మ, పిలిచింది. ఏడుపు లేదు, కేక లేదు. "బిడ్డా, మీ కాక లేస్తలేడు, ఓసారి వచ్చి చూస్తవా" అంది. పొయ్యి ఆర్పేసి వెళ్ళాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నేను చెప్తే చిన్నమ్మ నమ్మలేదు, డాక్టర్ని పిలిపించింది. డాక్టర్ చెప్పాక కూడా ఇంకొక్కసారి చూడమంది. అన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషి ఒక్క మాటకే నమ్మేస్తేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

కాక మాకు రక్తసంబంధం కాదు. మా గోదావరిఖనిలో నాన్నతో పాటు బాయిలో పనిచేసిన ప్రతివాడూ పిల్లలకు కాకే. బొగ్గు గనిని మేం బాయి అంటాం. ఆ బాయిలో ఆయన సర్దార్. ఆ మాట విని ఏదో పెద్ద దర్జా ఊహించుకోకండి. షిఫ్టు మొదలు కాగానే అందరికన్నా ముందు లోపలికి పోయి, మనుషులు పని చేయబోయే చోట నెత్తిమీది బండను పొడుగాటి కర్రతో కొట్టి చప్పుడు వినడం ఆయన పని. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల విడిచిన బండ డొల్లగా మోగుతుంది. బాగుందనుకున్న చోట సుద్దముక్కతో ఆనాటి తేదీ వేసి, దాని కింద తన పేరు పొడి అక్షరాలు వేస్తాడు. ఆ రాత చూశాకే మిగతావాళ్ళు పనికి దిగుతారు. ఎక్కడిదాకా పోవచ్చో అక్కడ ఒక గీత గీస్తాడు. ఆ గీత దాటకూడదు.

మా బాపు, అంటే మా నాన్న, ఈ కాక షిఫ్టులోనే బండ పడి చనిపోయాడు. అప్పుడు నేను పదో తరగతి.

ఇది ముందే చెప్పేస్తే మంచిదని చెప్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ మంచి మాటలు ముందు పెట్టి అసలు సంగతి ఎక్కడో చివర దాస్తారు. అట్లా రాసినవి చదివినప్పుడల్లా వీళ్ళేదో మింగేశారని నాకు అనుమానం వస్తుంది. ఆ అనుమానం నాకు ఇద్దరి నుంచి వచ్చింది. ఒకరు మా అమ్మ, ఇంకొకరు ఈ కాక.

బాపు పోయాక జరిగిన ఎంక్వయిరీలో కాక ఒకటే మాట చెప్పాడు. తను కొట్టి చూసి తేదీ వేసిన చోట బండ పడలేదనీ, మా బాపే గీత దాటి అవతలికి వెళ్ళాడనీ. ఆ సమయానికి మిగతావాళ్ళు దూరంగా ఉన్నారు. చూసిన మనిషి లేడు. సర్దార్ చెప్పిందే కాగితం మీదికి ఎక్కింది. మా బాపు తన నిర్లక్ష్యం వల్ల తానే పోయాడని తేలింది. దాంతో బాపు బదులు అమ్మకు రావలసిన ఉద్యోగం ఫైలు ఎక్కడో ఆగిపోయింది.

అమ్మ ఒక్కనాడూ నమ్మలేదు. "మీ బాపు బజార్ల నడిస్తే తెల్లగీత ఇవతలే నడిచేటోడు. గసొంటి మనిషి బాయిల గీత దాటుతడా? ఆయన అబద్ధమాడిండు" అనేది. ఆయన అంటే కాక. ఇంట్లో ఆయన్ని అమ్మ పేరుతో గానీ వరుసతో గానీ పిలిచేది కాదు. వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

ఆ తర్వాత ఏడాదిన్నరకు అమ్మకు దవాఖానలో ఆయాగా ఉద్యోగం వచ్చింది. ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినందుకు వచ్చిందని అమ్మ నమ్మకం. అట్లా నమ్మడానికి ఆమెకు హక్కు ఉంది, నిజంగానే తిరిగింది.

విచిత్రమేమిటంటే ఆయన మమ్మల్ని వదల్లేదు. అమ్మ రిటైరయ్యే ముందు ఊరి చివర చిన్న జాగా తీసుకుంటే, ఆర్నెల్లు తిరక్కముందే పక్క జాగా ఆయన తీసుకున్నాడు. "మనమీద కన్నేసి ఉంచనీకి వచ్చిండు చూడు" అంది అమ్మ. నాకూ అట్లాగే అనిపించింది. అంతకుముందు నేను టీచర్ ట్రైనింగ్ పరీక్ష రాయడానికి పెద్దపల్లి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, అమ్మకు డ్యూటీ ఉంటే, ఎవరూ అడక్కుండానే బస్‌స్టాండులో ఆయన ప్రత్యక్షమయ్యాడు. బస్సు పెద్దపల్లికే పోతుందా అని డ్రైవర్ని అడిగాడు, కండక్టర్ని అడిగాడు, ముందు సీట్లో ఉన్న ముసలామెను కూడా అడిగాడు. బోర్డు మీద రాసి ఉందని నేనంటే, "రాసినోడు పోతడా, బస్సు పోతదా" అన్నాడు. మూడు గంటలు పరీక్ష కేంద్రం గేటు ఎదుట గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం ఇంటికి చేర్చి, గుమ్మం బయటి నుంచే వెళ్ళిపోయాడు. ఆ పరీక్ష వల్లే నేను ఈ రోజు బడిలో పాఠం చెప్తున్నాను. అప్పుడు మాత్రం, ఈయనకు మా మీద ఇంత ప్రేమ దేనికని అమ్మా నేనూ ఆ రాత్రి అన్నం తింటూ తర్కించుకున్నాం.

రిటైరయ్యాక ఆయన అనుమానానికి పని లేకుండా పోయింది. దాంతో అది ఇంట్లో పడింది. మంచం కోళ్ళు కొట్టి చూసేవాడు. పుచ్చకాయ కొనాలంటే బండి మీదున్నవన్నీ కొట్టి, ఏదీ కొనకుండా వచ్చేవాడు. సీలింగ్ ఫ్యాన్ కింద పడుకునేవాడు కాదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరైనా ఫోన్ చేస్తే, "ముందుగాల నీ మీద ఎవరున్నరో ఆయనకియ్యి" అనేవాడు. చివరికి ఆ దొంగలే విసిగి ఫోన్ పెట్టేసేవాళ్ళు.

ఒకసారి జెండా పండక్కి మా బడికి వచ్చాడు. లడ్డూ చేతిలో పట్టుకుని నా తరగతి గదిలోకి వెళ్ళి, చీపురు కర్రతో పైన స్లాబు కొట్టాడు. "ఈ మూలకు పిల్లలను కూసోబెట్టకు" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఊకె ఉన్న బండకే ఫికర్ చెయ్యాలె బిడ్డా. చప్పుడు చేసేది చెప్పి పడతది" అన్నాడు. మా హెడ్మాస్టర్ నవ్వాడు. నేను మాత్రం మర్నాటి నుంచి ఆ మూల బెంచీలు తీయించాను. ఆ స్లాబు పడలేదు. ఇప్పటికీ పడలేదు. కానీ ఆ మూలకు నేను కూడా పోను.

ఆయన అలవాట్లలో ఒకటి మాత్రం మాకు అంతుపట్టేది కాదు. మా గల్లీలోకి బాయి ఆఫీసు జీపు వస్తే చాలు, ఉన్నపళంగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని, గుమ్మంలో నిలబడేవాడు. జీపు వెళ్ళిపోయేదాకా అట్లాగే నిలబడి, తర్వాత చొక్కా విప్పి దండెం మీద వేసేవాడు. ఎవరి మీదో చాడీలు చెప్పడానికి ఎదురుచూస్తాడని గల్లీలో అనుకునేవాళ్ళు. అమ్మ అయితే, "ఆయన మనసుల ఏదో ఉన్నది, ఎప్పటికన్నా బయట పడతది" అనేది. బయట పడేదాకా అమ్మ ఉండలేదు. ఆమె పోయి నాలుగేళ్ళు.

ఈ ఏడాది ఎండలు ముదరకముందు ఆయన మా ఇంటికొచ్చాడు. జేబులోంచి పేపర్ ముక్క తీసి నా ముందు పెట్టాడు. జిల్లా పేజీలో పడిన వార్త అది. ఒకప్పుడు ఢిల్లీలో చక్రం తిప్పిన నాయకుడొకాయన సొంతూరి ఇంటిని బాగు చేసి చూడ్డానికి పెట్టారని, ఆయన వాడిన వస్తువులతో పాటు జనం ఇచ్చుకున్న దరఖాస్తుల మూటలు కూడా అక్కడ భద్రంగా ఉన్నాయని రాశారు. ఆ నాయకుడి పేరు ఇక్కడ రాయను, పెద్దాయన అందాం. ఆయన ఊరికి వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని ఎవరొచ్చినా కాగితం తన చేత్తోనే తీసుకునేవాడని మా వైపు చెప్పుకుంటారు.

"నాతోని వస్తవా?" అన్నాడు కాక.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఆయన కొడుకు శ్రీరాంపూర్‌లోనే డ్యూటీ చేస్తాడు, బండి ఉంది. అతన్ని తీసుకుపోవచ్చు. నన్నే ఎందుకు?

"నీ కొడుకు ఉన్నడు కద కాకా."

"వాడొద్దు. నువ్వే చదవాలె" అన్నాడు. ఏం చదవాలో చెప్పలేదు. తన షిఫ్టు తప్పు కాదని ఏదో కాగితం సంపాదించి నా చేత ఒప్పించడానికే తీసుకుపోతున్నాడని నాకు నేనే తేల్చుకున్నాను. ఒప్పుకోకూడదని ఇంట్లోనే తీర్మానించుకుని బయల్దేరాను.

మంచిర్యాలలో బస్సు మారి, దిగాక ఇంకో రెండు కిలోమీటర్లు ఆటోలో వెళ్ళాం. దారి ఆయన నలుగురిని అడిగాడు. నలుగురూ ఒకటే దారి చెప్పేసరికి, అందరూ మాట్లాడుకుని చెప్తున్నట్టుందని గొణిగాడు.

ఇల్లు పెంకుటిల్లే గానీ పెద్దది. గోడలకు కొత్త సున్నం, గుమ్మాలకు కొత్త రంగు. చూసుకునే మనిషి ఒకడున్నాడు, నలభై ఏళ్ళుంటాయి, మెడలో తాళాల గుత్తి.

"ఇది ఆయన ఇల్లేనా?" కాక మొదటి ప్రశ్న.

"బోర్డు ఉన్నది కద తాతా."

"బోర్డు ఎవ్వలన్న పెడ్తరు."

లోపల గాజు పెట్టెల్లో వస్తువులు వరుసగా పెట్టారు. నాయకుడు వాడిన కళ్ళజోళ్ళు అని రాసి మూడు పెట్టారు. ఒక్క మనిషికి మూడు ఎందుకని కాక అడిగాడు. చదవడానికి ఒకటి, దూరం చూడ్డానికి ఒకటి అన్నాడు తాళాలాయన. "మరి మూడోది?" అన్నాడు కాక. నాయకుడు చదువుకున్న కిరసనాయిలు దీపం దగ్గర వంగి, చిమ్నీకి మసి లేదన్నాడు. ఇక నాయకుడు కూర్చున్న కుర్చీ దగ్గరికి వచ్చి చాలాసేపు దాని అల్లిక చూశాడు. "దీంట్ల ఎవ్వలు కూసోలే" అన్నాడు.

తాళాలాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పాతది విరిగిపోయింది తాతా. దాని లెక్కనే ఇంకోటి చేయించి పెట్టిన్రు. నువ్వు ఎవ్వలకు చెప్పకు."

నాకు నవ్వొచ్చింది. అంతలోనే భయం కూడా వేసింది. కుర్చీయే మార్చి పెట్టినవాళ్ళు కాగితాలు మార్చరని ఏముంది. అప్పటికే కాక గొడుగు తిరగేసి పట్టుకుని పై చెక్కలను టక్ టక్ మని కొడుతున్నాడు. తాళాలాయన పరుగున వచ్చి గొడుగు పట్టుకున్నాడు.

"ఏయ్ తాతా, ఏంది గిది. ముట్టుకోవద్దని రాసి లేదా?"

"ముట్టుకుంటలేను. వింటున్న" అన్నాడు కాక.

ఆ తర్వాత తాళాలాయన మా వెనకే నడిచాడు. దరఖాస్తులు చూడాలనగానే అతని ముఖం మారిపోయింది. "ఏమన్న జాగల కిరికిరి ఉన్నదా మీకు? గసొంటివైతే నేను చూపెట్ట" అన్నాడు. నా టీచర్ గుర్తింపు కార్డు తీసి చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పాడు, ఫొటో వంక చూసి నా వంక చూశాడు. చివరికి మా సంచి, గొడుగు, ఫోన్లు అన్నీ బల్ల మీద పెట్టించి వెనక గది తాళం తీశాడు. ముగ్గురం ఒకరినొకరం నమ్మకుండా ఆ గదిలోకి వెళ్ళాం.

గుడ్డల్లో కట్టిన మూటలు అరల్లో ఉన్నాయి. ఒకదాని మీద బొగ్గుబాయిల దరఖాస్తులు అని రాసి ఉంది. దాన్ని విప్పి నా ముందు పెట్టాడు. నేను ఒక్కొక్క కాగితం తిప్పుతుంటే కాక నా భుజం పక్కన నిలబడ్డాడు. క్వార్టర్ కావాలని ఒకటి, బదిలీ కావాలని ఒకటి, కొడుకుని కొడుతున్న పంతులు మీద ఒకటి. అరగంట గడిచాక ఒక కాగితం దగ్గర కాక చెయ్యి నా చెయ్యి మీద పడింది.

"ఇదే. పైకి చదవకు" అన్నాడు.

అది ఆయన చేతిరాతే. మా గోడ మీద కరెంటు మీటర్ పక్కన ఆయన రాసిన ఫోన్ నంబర్లు చూసినదాన్ని, నాకు తెలుసు. అందులో ఇట్లా ఉంది.

"అయ్యా, ఆనాడు నేను కర్రతో కొట్టి చూడలేదు. నాకన్నా ముందు రాత్రి షిఫ్టు సర్దారు వేసిన తేదీ బండ మీద ఉన్నది. పన్నెండు దాటినాక వాళ్ళు వేసే తేదీ, పొద్దున మేము వేసే తేదీ ఒక్కటే అయితది. నాకు ఆలస్యమైనందున అది చూసి, అతని అక్షరాల కిందనే నా అక్షరాలు వేసినాను. చూసినవాళ్ళకు నేను కొట్టి చూసినట్టే కనబడతది. చనిపోయిన మనిషి గీత దాటలేదు. నేను బాగున్నదన్న చోటనే నిలబడి పని చేసినాడు. తేదీ, గీత ఉన్న బండ బోర్లా పడ్డది గనుక ఎవ్వరూ చూడలేదు. ఎంక్వయిరీలో నేను అబద్ధం చెప్పినాను. అతని భార్య ఉద్యోగం నా అబద్ధం వల్ల ఆగిపోయినది. ఆమెకు న్యాయం చేయగలరు. నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమే."

కింద సంతకం. పక్కన మార్జిన్‌లో వేరే చేతిరాత, పెన్సిల్‌తో. "ఉద్యోగం సంగతి వేరే రాయించాను. ఈ కాగితం బయటికి పోవద్దు. ఇతనికీ పిల్లలున్నారు."

రెండుసార్లు చదివాను. ముందు ఏడుపు వచ్చిందని రాస్తే అబద్ధం. ముందు కోపమే వచ్చింది. కాగితం మూటలో పెట్టేసి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. కాక వచ్చి రెండు మూరల దూరంలో కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు మా బాపును దోషిని చేసి నిలబెట్టినవ్" అన్నాను.

"నిలబెట్టిన బిడ్డా."

"బాపు తొందరపెట్టిండా నిన్ను? జల్ది కానియ్యమన్నడా?" ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆయనకేదైనా సాకు దొరుకుతుందేమోనని కావచ్చు.

"లేదు. మీ బాపు ఏమనలే. బీడీ ఆర్పి బయటనే పెట్టొచ్చిన అన్నడు, గంతే. నేనే సుద్దరాత నమ్మిన. జిందగీల గా ఒక్కనాడే కొట్టకుండ నమ్మిన."

తాళాలాయన చెంబుతో నీళ్ళు తెచ్చి, తాతకు తక్లీఫ్ ఉందా అని అడిగాడు. లేదన్నాను.

"కాయితం ఇచ్చినంక రేపు పిలుస్తరు, ఎల్లుండి పిలుస్తరు అనుకున్న" అన్నాడు కాక. "మీ అమ్మకు నౌకరి వచ్చింది. అంటే కాయితం చదివిన్రు. చదివితే నన్నెందుకు పిలుస్తలేరు? జీపు వస్తే నాకోసమే అనుకుంటుంటి. ఏండ్లు గడిచినంక మళ్ళ నా అంతట నేను పోయి చెప్పే ధైర్యం చాలలే."

ఇస్త్రీ చొక్కా సంగతి నాకు అప్పుడు తెలిసింది.

"మా అమ్మ ఉన్నప్పుడే ఆమెకు చెప్తే ఏమాయె?"

"నన్ను చంపుతదో మాఫ్ చేస్తదో తెల్వక భయపడ్డ. చంపితే ఫికర్ లేకుండె."

"మరి ఇప్పుడు నీ భారం దించుకోనీకి నన్ను తోలుకొచ్చినవ్."

"అవు" అన్నాడు. "ఆ పెన్సిల్ రాత ఆయనదే అంటవా? కుర్చీ మార్చినట్టు ఆ రాత కూడ ఎవలన్న రాసిన్రా?" అన్నాడు. లేచి నిలబడుతూ ఆయన చివరగా ఒక మాటన్నాడు. "నేను పోయినంక అందరికి చెప్పు బిడ్డా. ముందుగాల చెప్పినా నాకు సమ్మతమే."

తిరుగు బస్సులో వేరే వేరే సీట్లలో కూర్చున్నాం. ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు నేను ఆయనతో మాట్లాడలేదు. పొద్దున్నే ఆయన గోడ దగ్గరికొచ్చి దగ్గేవాడు. నేను చీపురు పట్టుకుని లోపలికి పోయేదాన్ని. బాపు పేరు మీదున్న మచ్చ తీసేయాలని రెండుసార్లు ఆఫీసుకు ఉత్తరం రాశాను. రెండుసార్లూ చిన్నమ్మ దండెం మీద ఆయన చొక్కాలు ఆరేస్తూ కనబడింది, ఉత్తరం చింపేశాను. దీన్ని మంచితనం అనుకోకండి, అది నా చేతగానితనం. అమ్మ ఉండి ఉంటే ఒక్క పూట ఆగేది కాదు.

పెద్దాయన మీద నాకు ఇప్పటికీ అనుమానమే. మాకు అన్నం పెట్టింది ఆ చెయ్యే, మా బాపు పేరును మూటలో కట్టి అరలో పెట్టిందీ ఆ చెయ్యే. కాకకు పిల్లలున్నారని తలుచుకున్నాడు. బాపుకూ ఒక పిల్ల ఉందని ఆయనకు తట్టలేదా? ఆ ఇంటికి బడి పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోతుంటారు. మా బడి వంతు వస్తే వెళ్తాను, ఆ కుర్చీ గురించి అడిగితే మాత్రం నిజమే చెప్తాను.

కాక పదో రోజు తతంగం అయ్యాక, వచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని, ఆయన షిఫ్టులో పడ్డ బండ అదొక్కటేననీ, అదీ ఆయన తప్పు కాదనీ చెప్పుకుంటున్నారు. నేను విస్తరి ముందు నుంచి లేచాను. చిన్నమ్మ నన్ను వంటగదిలోకి పిలిచింది.

"నాకు ఎర్కే బిడ్డా. కాయితం రాసిననాడే నాకు చదివి వినిపించిండు. నువ్వు రాయి. మా కొడుకుకు నేను చెప్పుకుంట" అంది.

అందుకే రాస్తున్నాను. మా బాపు గీత దాటలేదు. సర్దార్ బాగుందన్న చోటే నిలబడి పని చేశాడు. ఆ మాట అచ్చులో ఉండాలి. దాన్ని అందరికీ చెప్పమన్నది తప్పు చేసిన మనిషే అన్నది కూడా ఉండాలి. ఆయనంటే నాకు ప్రేమ అని రాయడానికి చెయ్యి రావడం లేదు, కాదని రాయడానికీ రావడం లేదు. పరీక్ష కేంద్రం బయట మూడు గంటలు నిలబడ్డ మనిషి కూడా ఆయనే కదా.

ఆయన్ని నేను చివరిసారి చూసింది, పోవడానికి మూడు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం. ఒంట్లో సోడియం తగ్గిందని దవాఖానలో ఉంచి, సెలైన్ సూది పీకేస్తున్నాడని ఇంటికి పంపేశారు. ఆ రోజు బడికి సెలవు. చిన్నమ్మ గోడ మీదుగా, "గోళీ మింగుతలేడు, ఇది నాది కాదంటున్నడు. నువ్వన్న చెప్పు బిడ్డా" అంది. మా ఇద్దరికీ మాటలు లేవని ఆమెకు తెలుసు. అయినా అడిగింది. ఎనిమిది నెలల తర్వాత ఆ గుమ్మం ఎక్కాను.

మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు. చప్పుడు విని, "ఎవలు?" అన్నాడు.

"నేను కాకా."

"ఏ నేను?"

బాపు పేరు చెప్పి, ఆయన బిడ్డనన్నాను. ఆ పేరు వినగానే రెండు చేతులూ మంచం పట్టెల మీద ఆనించి లేవబోయాడు. నేను పట్టుకుని కూర్చోబెట్టాను. నా ముఖంలోకి చూశాడు గానీ, చూస్తున్నది నన్ను కాదు, పదో తరగతి పిల్లనెవరినో.

"పొద్దు వాలుతున్నది. మీ బాపు డ్యూటీ దిగిండా?" అన్నాడు.

చిన్నమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నా ముంజేయి పట్టుకుని కదిలించాడు. "చెప్పవేందే. దిగిండా?"

"దిగిండు కాకా. ఇంటికొచ్చిండు."

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. జీవితమంతా ప్రతిదాన్నీ చూసిన చూపే అది. "నువ్వు చూసినవా?"

"చూసిన. కాళ్ళు కడుక్కొని అన్నానికి కూసున్నడు."

"ఏం కూర?"

"పచ్చిపులుసు. ఎండుచేపలు వేయించింది అమ్మ."

నా ముంజేయి మీద ఆయన వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

"అయితే వచ్చిండు" అన్నాడు. "తిననియ్యి. నేనే వస్త, ఓసారి కండ్ల చూసిపోత."

కాళ్ళు మంచం మీది నుంచి కిందికి వేలాడేసి, చెప్పుల కోసం పాదాలతో నేల మీద తడుముకున్నాడు. ఎడమది దొరికింది. కుడిది మంచం కిందికి పోయింది. నేను నేల మీద కూర్చుని, చెయ్యి చాచి దాన్ని లాగి, ఆయన కాలికి తొడిగాను.